నెర్వ్ బ్లాక్ క్యాథెటర్ తీస్తుంటే ఇరుక్కుంది, కాల్లోకి షాక్ కొట్టింది. ఇప్పుడేం చేయాలి?

ముందు మీ ప్రశ్నను నా మాటల్లో ఒకసారి చెప్తాను, తర్వాత చదివేవాళ్లకి కూడా విషయం తెలుస్తుంది. మీ నాన్నగారికి 68 ఏళ్లు. మోకీలు మార్పిడి ఆపరేషన్ అయి మూడో రోజు. నొప్పి తెలియకుండా గజ్జ దగ్గర చర్మంలోంచి క్యాథెటర్ అనే ఒక సన్నటి గొట్టం పెట్టి, దానికి బంతిలాంటి పంపు తగిలించి మందు ఎక్కించారు. ఈ ఉదయం నర్స్ దాన్ని తీయబోతే కొంత వచ్చి ఆగిపోయింది. లాగితే రబ్బరులా సాగుతోంది, వదిలితే మళ్లీ వెనక్కి వెళ్తోంది. ఇంకాస్త లాగగానే నాన్నగారికి మోకాలి కింద లోపలివైపు నుంచి చీలమండ దాకా కరెంటు షాక్ కొట్టినట్టయింది. వెంటనే ఆపేసి, ప్లాస్టర్ వేసి, రేపు పొద్దున చూస్తామన్నారు. మీ భయాలు మూడు: నరం తెగిపోయిందా, మళ్లీ ఆపరేషన్ చేస్తారా, పక్క బెడ్ వాళ్లు చెప్పినట్టు బయట ఉన్నది కత్తిరించేసి లోపలిది వదిలేస్తే పోదా.

నేను ఇరవై ఏళ్లకు పైగా మత్తు డాక్టర్‌గా పనిచేస్తున్నాను. ఇలాంటి గొట్టాలు పెట్టడం, తీయడం నా రోజువారీ పని. నాన్నగారిని నేను చూడలేదు కాబట్టి ఆఖరి మాట అక్కడి డాక్టర్లదే. కానీ మీరు రాసినదాన్ని బట్టి ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పగలను. "సగంలో వదిలేసి వెళ్లిపోయారు" అని మీరు ఎవరి మీద కోపంగా రాశారో ఆ నర్సే ఈ రోజు నాన్నగారికి అందరికన్నా ఎక్కువ మేలు చేసింది. ఈ గొట్టాలు తీసేటప్పుడు నేను చూసిన, విన్న పెద్ద గొడవలన్నీ అడ్డు తగిలాక కూడా "ఇంకొక్కసారి లాగి చూద్దాం" అనుకున్న దగ్గరే మొదలయ్యాయి. గొట్టం ఒక రోజు ఆలస్యంగా వస్తే కొంపలేమీ మునగవు. తొందరపడి లాగితే మాత్రం తెగిపోవచ్చు, నరానికి దెబ్బ తగలొచ్చు.

ఇక్కడ మాటల గందరగోళం ఒకటి ఉంది. మనం రక్తనాళాన్నీ నరమే అంటాం, స్పర్శను మోసే నాడినీ నరమే అంటాం. చేతికి సలైన్ ఎక్కించేది "నరానికే", పక్షవాతం వస్తే దెబ్బతిందని మనం అనుకునేదీ "నరమే". అందుకే "నరంలో గొట్టం ఇరుక్కుంది" అని వినగానే ఇంట్లోవాళ్లు బెంబేలెత్తిపోతారు. ఈ క్యాథెటర్ నరం లోపల ఉండదు, పక్కన ఉంటుంది. తొడ ముందు భాగానికి, మోకాలికి స్పర్శనిచ్చే ఫిమోరల్ అనే పెద్ద నాడి గజ్జ కింద నుంచి వెళ్తుంది. దాని చుట్టూ ఉన్న పొరల మధ్య గొట్టం కొస పెట్టి, రోపివకైన్ లాంటి మొద్దుబార్చే మందును చుక్కచుక్కగా వదులుతారు. నాడి ఆ మందులో నానుతుంది, మోకాలి నొప్పి కబురు మెదడుకు చేరదు. నెర్వ్ బ్లాక్ అంటే ఇదే, అంతే.

మరి ఎందుకు ఇరుక్కుంటుంది? ఆ గొట్టం మందం సుమారు ఒక మిల్లీమీటరు, నూడుల్ అంత మెత్తగా ఉంటుంది. సూదిలోంచి లోపలికి తోసినప్పుడు అది తిన్నగానే వెళ్తుందని హామీ లేదు. ఏదో పొర అడ్డం వస్తే వంకర తిరుగుతుంది, ఇంకా తోస్తే చుట్ట చుట్టుకుంటుంది. సూది కొస దాటాక మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల కంటే ఎక్కువ తోయొద్దని మేము నేర్చుకునేది ఇందుకే. లోపల ఎంత పొడవు వదులుగా ఉంటే చుట్ట పడే అవకాశం అంత ఎక్కువ. ఆ చుట్టలోంచి కొస దూరి ఉంటే, తీసేటప్పుడు లాగిన కొద్దీ అది ముడిగా బిగుసుకుంటుంది. చెప్పుల లేసు చిక్కుపడినప్పుడు తొందరపడి లాగితే ఏమవుతుందో అదే.

ముడి ఒక్కటే కారణం కాదు, నిజానికి అది అరుదు. నేను చూసినవాటిలో ఎక్కువ చిల్లర కారణాలే. గొట్టం జారకుండా చర్మం దగ్గర వేసిన జిగురు గట్టిపడి పట్టుకుంటుంది. ప్లాస్టర్ కింద ఎవరికీ కనపడని ఒక కుట్టు ఉంటుంది. కొందరికి గొట్టాన్ని చర్మం కింద కొంత దూరం సొరంగంలా నడిపించి బయటికి తెస్తాం, ఆ మలుపు దగ్గర అది మడత పడుతుంది. పడుకున్న తీరువల్ల కండరం బిగుసుకుని గొట్టాన్ని నొక్కేస్తుంది. భుజం ఆపరేషన్లలోనూ, గాయంలోనే గొట్టం పెట్టిన చోట్లా సర్జన్ వేసిన లోపలి కుట్టు గొట్టం మీదుగా పడే ప్రమాదం కూడా ఉంది. ఒకసారి ఒక పెద్దాయనకు భుజం గొట్టం రావట్లేదని అర్ధరాత్రి నన్ను పిలిచారు. టార్చి వేసి చూస్తే చర్మం మీద ఎండిపోయిన జిగురు చిన్న గాజు పలుకులా మెరుస్తోంది. తడిపి, మెల్లగా గోటితో లేపి, రెండు వేళ్లతో పట్టుకోగానే గొట్టం వెన్నలోంచి దారంలా వచ్చేసింది. ఆయన "ఇంతేనా డాక్టరుగారూ, మా పిల్లలు నన్ను నాలుగు గంటల నుంచి ఏడిపించారు" అన్నారు.

మీరు చెప్పిన లక్షణం, అంటే లాగితే సాగడం, వదిలితే వెనక్కి పోవడం, రెండు రకాలుగానూ ఉండొచ్చు. పొరలో చిక్కుకున్నా అలాగే ఉంటుంది, చుట్టపడినా అలాగే ఉంటుంది. చేతి స్పర్శను బట్టి ఇది ముడి, ఇది కుట్టు అని తేల్చేయడం నాకు ఇప్పటికీ చేతకాదు. చెప్పగలమని అనేవాళ్లను నేను పూర్తిగా నమ్మను.

ఇక షాక్ సంగతి. మోకాలి కింద లోపలివైపు నుంచి చీలమండ దాకా వచ్చింది అన్నారు కదా, అది సఫీనస్ అనే నాడి వెళ్లే దారి. ఫిమోరల్ నాడి కొమ్మే అది. అంటే గొట్టం లాగినప్పుడు ఎక్కడో ఆ నాడినో, దాని చుట్టూ ఉన్న పొరనో ఒరుసుకుంది, కదిపింది. నరం తెగిపోయిందని దీని అర్థం కాదు. తెగిన నాడికి ఆ దారంతా పిక్క లోపలివైపు స్పర్శ ఉండదు. నాన్నగారికి షాక్ తెలిసిందంటే నాడి చాలావరకు పనిచేస్తోందనే అనుకోవచ్చు, మందు ప్రభావం కూడా తగ్గిందన్నమాట. నాకైతే ఇది మంచి కబురే. తీసేటప్పుడు పేషెంట్‌కి స్పర్శ తిరిగి వచ్చి ఉండాలని మేము కోరుకునేది ఇందుకే. కాలు మొద్దుబారి ఉన్నప్పుడు లాగితే గొట్టం నాడిని మెలిపెట్టినా ఆయనకు తెలియదు, "అబ్బా" అని అనరు, మాకు హెచ్చరిక అందదు. పంపు ఆపాక కూడా మందు కొన్ని గంటలు, ఒక్కోసారి దాదాపు ఒక రోజు పనిచేస్తుంది, కాబట్టి పంపు ఆపిన వెంటనే తీయకుండా కాస్త ఆగడం మంచి పద్ధతి.

రేపు పొద్దున ఏం జరగొచ్చో చెప్తాను, ముందే తెలిస్తే గుండె దడ తగ్గుతుంది. మొదట మత్తు డాక్టర్ పాత కాగితం చూస్తారు. గొట్టం పెట్టిన రోజు చర్మం దగ్గర ఎన్నో సెంటీమీటర్ గుర్తు ఉందో అందులో రాసి ఉంటుంది. గొట్టం మీద సన్నటి గీతలు ఉంటాయి, స్కేలు మీద ఉన్నట్టే. ఉదాహరణకు పెట్టినప్పుడు చర్మం దగ్గర 9 ఉండి, ఇప్పుడు 6 కనిపిస్తోందనుకోండి, అంటే మూడు సెంటీమీటర్లు బయటికి వచ్చాయి, ఆరు లోపల ఉన్నాయి. అల్ట్రాసౌండ్ స్కానింగ్‌లో నాడి చర్మం నుంచి మూడు సెంటీమీటర్ల లోతులో ఉంటే, నాడి దగ్గర ఇంకో మూడు సెంటీమీటర్ల గొట్టం వంకర తిరిగి ఉందని లెక్క. ఈ చిన్న కూడికా తీసివేతా చాలాసార్లు ఎక్స్-రే కన్నా ఎక్కువ చెప్తాయి. మీరు కూడా ఇప్పుడే ప్లాస్టర్ మీద నుంచి ఏ గుర్తు కనపడుతోందో ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ప్లాస్టర్ మాత్రం పీకకండి.

తర్వాత పడుకునే తీరు మారుస్తారు. గొట్టం పెట్టినప్పుడు కాలు ఎలా ఉందో అలా పెట్టడం మొదటి ప్రయత్నం. గజ్జ గొట్టానికైతే వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలి కింద దిండు పెట్టి తొడను కొంచెం పైకి మడిచి, కాలును కొంచెం బయటికి తిప్పుతారు. దానివల్ల గజ్జ దగ్గర పొరలు వదులవుతాయి. మోకాలి వెనక నుంచి పెట్టిన గొట్టానికి మోకాలు వంచి పక్కకు పడుకోబెడతారు. మెడ దగ్గరిదానికి తలను అవతలివైపు కొంచెం తిప్పుతారు. చేతివేళ్లు చర్మానికి దగ్గరగా ఉన్న భాగాన్నే పట్టుకుంటాయి, దూరంగా పట్టుకుంటే మధ్యలో ఉన్న పొడవంతా సాగి సన్నబడుతుంది, సన్నబడ్డ చోట తెగుతుంది. గొట్టం లోపలికి వెళ్లిన దిశలోనే, ఒకే బలంతో, మెల్లగా. కుదిపి లాగడం, చేతికి చుట్టుకుని గుంజడం ఎప్పుడూ చేయరు. నాన్నగారు ఊపిరి వదిలి కాలు వదులుగా ఉంచితే అందులో సగం పని అయిపోతుంది. భయపడి తొడ బిగించినవాళ్ల దగ్గర రాని గొట్టం, కబుర్లలో పెట్టగానే వచ్చిన సందర్భాలు నాకు బోలెడు.

దానికీ రాకపోతే గొట్టంలోంచి ఐదో పదో మిల్లీలీటర్ల శుభ్రమైన సలైన్ ఎక్కించి, ఎక్కిస్తూనే లాగి చూస్తారు. ఆ నీళ్లు పొరలను విడదీస్తాయి, చుట్ట కాస్త వదులవుతుంది. సలైన్ అసలు వెళ్లకపోతే అది కూడా ఒక సమాచారమే: లోపల మడతో బిగుసుకున్న ముడో ఉండొచ్చు. మళ్లీ మత్తు మందు ఎక్కించి కాలు మొద్దుబార్చి తీయమని మీరు అడగకండి. ఆ షాక్ చెప్పే హెచ్చరికను మనమే ఆపేసినట్టవుతుంది.

అయినా కదలకపోతే ఇంకో కొన్ని గంటలో, ఒక రోజో ఆగి మళ్లీ ప్రయత్నించడంలో తప్పు లేదు. ఈ మధ్యలో ఒక్కటి గుర్తుపెట్టుకోండి. బయటికి వచ్చిన భాగాన్ని ఎవరూ తిరిగి లోపలికి తోయకూడదు. దాని మీద చర్మం మీది క్రిములు ఉంటాయి. వచ్చినంతవరకు అలాగే ప్లాస్టర్ కింద శుభ్రంగా ఉంచాలి.

ఆ తర్వాతి మెట్టు బొమ్మ తీసి చూడటం. స్కానింగ్ మిషన్‌తో చూస్తూ సలైన్ ఎక్కిస్తే గొట్టం ఎటు తిరిగిందో కొంత తెలుస్తుంది. కొన్ని రకాల గొట్టాలు ఎక్స్-రేలో బాగానే కనపడతాయి, కొన్ని లీలగా కూడా కనపడవు. అలాంటప్పుడు గొట్టంలోకే ఎక్స్-రేలో కనపడే కాంట్రాస్ట్ మందు వేసి ఎక్స్-రేలో చూస్తారు, లేదా సీటీ తీస్తారు. ముడి అని తేలితే, చర్మానికి మాత్రం మత్తు ఇచ్చి, గొట్టం వెంబడే చిన్న గాటు పెట్టి, ముడి దాకా వెళ్లి తీసేస్తారు. "మళ్లీ ఆపరేషనా" అని మీరు ఊహించుకునేది మోకీలు మార్పిడి లాంటిది, ఇది దానిలో ఏ మూలకూ రాదు.

నాకు ముడి చూసిన రోజు బాగా గుర్తుంది. నడివయసు ఆవిడ, మోకాలి లిగమెంట్ ఆపరేషన్. గొట్టం పెట్టినవాడిని నేనే, కాస్త ఎక్కువ పొడవు తోసినవాడినీ నేనే. "జారిపోకుండా ఉంటుందిలే" అనుకున్నాను. మూడో రోజు మీ నాన్నగారి లాగే ఆగింది, తొడలోకి షాక్ కొట్టింది. రెండు రోజులు ఆగాం, సలైన్ వేశాం, లాభం లేదు. చివరికి సర్జన్ చర్మానికి ఒకటిన్నర సెంటీమీటర్ గాటు పెట్టి పట్టకారుతో బయటికి తీశాడు. ట్రేలో పెడితే ఆవగింజ కన్నా కొంచెం పెద్ద ముడి, నీటుగా, ఎవరో కావాలని వేసినట్టు. ఆవిడ దాన్ని చూపించమని అడిగి, చాలాసేపు చూసి, "ఈ మాత్రం ముడేనా నన్ను ఇంత భయపెట్టింది" అంది. మరుసటి వారానికి ఆవిడ కాలు మామూలుగానే ఉంది. నేను మాత్రం ఆ రోజు నుంచి గొట్టం తోసేటప్పుడు పైకి వినపడేలా సెంటీమీటర్లు లెక్కపెడతాను. జూనియర్లు నవ్వుకుంటారు, నవ్వుకోనీ.

ఇప్పుడు కత్తిరించేయడం గురించి. పక్క బెడ్ వాళ్ల సలహా మంచి మనసుతో ఇచ్చిందే, కానీ వద్దు. చర్మం దగ్గర కత్తిరిస్తే మిగిలిన ముక్క సాగి ఉన్నది కాస్తా లోపలికి జారిపోతుంది. పట్టుకోవడానికి మనకు ఉన్న ఒకే ఒక్క పిడి పోయినట్టు. పైగా చర్మం దగ్గర దానికి తెరిచి ఉన్న దారి క్రిములకు మెట్లదారి. ప్లాస్టర్ తీసేటప్పుడు కూడా గొట్టం దగ్గరికి కత్తెర రానీయకండి. ప్లాస్టర్ కత్తిరించబోయి గొట్టం తెంపిన ఘటనలు మా రంగంలో అందరికీ తెలిసినవే.

ఒకవేళ లాగుతుంటే తెగిపోతే? అది కూడా ప్రపంచం తలకిందులయ్యేది కాదు, కానీ దాచకుండా వెంటనే చెప్పాల్సిన విషయం. బయటికి వచ్చిన ముక్కను పారేయకుండా ఉంచి, అదే కంపెనీ కొత్త గొట్టం పక్కన పెట్టి కొలిస్తే లోపల ఎంత మిగిలిందో తెలుస్తుంది. పైకి దగ్గరగా ఉంటే, నాడి దగ్గర గుచ్చుకుంటుంటే, నొప్పి, తిమ్మిరి, ఇన్ఫెక్షన్ ఉంటే తీసేస్తారు. లోతుగా ఉండి ఏ ఇబ్బందీ పెట్టని చిన్న ముక్కను, వెతికి తీయడంలోనే ఎక్కువ నష్టం అనుకుంటే, పేషెంట్‌కి చెప్పి, కాగితం మీద రాసి, కనిపెట్టుకుని ఉండడమూ ఒక పద్ధతే. కొన్ని గొట్టాల్లో సన్నని లోహపు తీగ చుట్ట ఉంటుంది. అలాంటిది మిగిలితే తర్వాత ఎప్పుడు ఎంఆర్ఐ తీయాల్సి వచ్చినా ముందే చెప్పాలి. ఆ తీగ ఉన్నవి లాగితే స్ప్రింగు విప్పుకున్నట్టు విప్పుకుపోవడం కూడా ఉంది, కాబట్టి ఆ రకమైతే ఇంకా నెమ్మది.

అందుకే గొట్టం బయటికి రాగానే నేను మొట్టమొదట చూసేది గాయాన్ని కాదు, కొసను. చాలా రకాలకు కొసన ముదురు రంగు గుర్తు ఉంటుంది. ఆ రంగు, ఆ గుండ్రటి మొన కనపడితే మొత్తం వచ్చినట్టు. నా చదువు రోజుల్లో ఒక రాత్రి డ్యూటీలో నిద్రమత్తులో గొట్టం తీసి, చూడకుండానే చెత్తబుట్టలో పడేశాను. పొద్దున మా సీనియర్ "కొస చూశావా" అని అడిగితే నోరు పెగల్లేదు. ఇద్దరం గ్లోవ్స్ వేసుకుని ఆ బుట్టంతా తిరగేశాం. కొస ఉంది, నా అదృష్టం. తిట్టలేదు కూడా ఆయన, "రేపటి నుంచి ఫైల్లో కొస చూసినట్టు రాయి" అన్నారంతే.

రక్తం పలచబడే ఇంజెక్షన్ సంగతి మీరు రాయలేదు, కానీ మోకీలు మార్పిడి తర్వాత చాలామందికి ఇస్తారు కాబట్టి చెప్తున్నాను. గజ్జ గొట్టం పైపైనే ఉంటుంది, తీశాక కొద్ది నిమిషాలు గట్టిగా నొక్కి పట్టుకుంటే రక్తం ఆగుతుంది. అసలు జాగ్రత్త వీపులోంచి పెట్టే ఎపిడ్యూరల్‌కి, వెన్నెముక పక్కన లోతుగా పెట్టేవాటికి. అక్కడ నొక్కడానికి వీలుండదు, లోపల రక్తం గడ్డకడితే వెన్నుపామును నొక్కేస్తుంది. ఎనోక్సపారిన్ లాంటి రక్తం పలచబడే ఇంజెక్షన్ తక్కువ మోతాదులో రోజుకొకసారి ఇస్తుంటే, చివరి డోసు తర్వాత కనీసం 12 గంటలు ఆగి ఎపిడ్యూరల్ గొట్టం తీస్తాం, తీశాక కనీసం 4 గంటలు ఆగి తర్వాతి డోసు ఇస్తాం. పెద్ద మోతాదైతే ఇంకా ఎక్కువసేపు ఆగాలి. ఎపిడ్యూరల్ తీశాక కొత్తగా తీవ్రమైన నడుం నొప్పి, రెండు కాళ్లూ బలం తగ్గడం, మూత్రం రాకపోవడం కనపడితే అది పరుగెత్తాల్సిన విషయం. వెంటనే ఎంఆర్ఐ, అవసరమైతే గంటల్లోనే ఆపరేషన్. మీ నాన్నగారిది ఆ రకం కాదు. అయినా ఇంజెక్షన్ టైమ్ ఎంతో నర్స్‌ని అడిగి తెలుసుకుని, రేపు డాక్టర్‌కి చెప్పండి, తప్పులేదు.

రాత్రి ప్లాస్టర్ కింద నీళ్లలా, లేత గులాబీ రంగులో కాస్త తడి కనపడితే కంగారు పడకండి. అది ఎక్కించిన మందు తిరిగి కారడం, చాలామందికి ఉంటుంది. చుట్టూ ఎర్రబడి, వేడిగా, ముట్టుకుంటే నొప్పిగా ఉండి, చీము కారుతుంటే, జ్వరం ఉంటే అది వేరు. గజ్జ చెమట పట్టే చోటు, రోజులు గడిచేకొద్దీ క్రిములు గొట్టం మీద చేరతాయి. చేరినంత మాత్రాన ఇన్ఫెక్షన్ కాదు, అసలైన ఇన్ఫెక్షన్ తక్కువ. షుగర్ ఉంటే మాత్రం కాస్త ఎక్కువ కన్నేసి ఉంచాలి.

గొట్టం వచ్చాక ఇంట్లోవాళ్లు ఎవరూ ఊహించనిది నొప్పి. మూడు రోజులు మందులో నానిన నాడి ఒక్కసారి మేలుకుంటుంది. ఆ రాత్రి "గొట్టం తీయడంలో ఏదో తప్పు చేశారు" అని ఫోన్లు వస్తాయి నాకు. తప్పు ఏమీ ఉండదు, మాత్రలు ఆలస్యంగా వేసుకుని ఉంటారంతే. తిమ్మిరి పూర్తిగా పోకముందే, డాక్టర్ రాసిన నొప్పి మాత్ర టైమ్‌కి వేయండి. నొప్పి తలకెక్కాక వేసే మాత్ర దాన్ని పట్టుకోలేదు.

రెండోది పడిపోవడం. ఫిమోరల్ బ్లాక్ వల్ల తొడ ముందు కండరం బలహీనపడుతుంది. స్పర్శ తిరిగి వచ్చిందనిపించినా కండరానికి పూర్తి పట్టు రావడానికి ఇంకొంత టైమ్ పడుతుంది. కాలు తన్నిపెట్టి మోకాలు నిటారుగా చాపి పట్టుకోగలుగుతున్నారో లేదో మంచం మీదే చూడండి. చేయలేకపోతే వాకర్ ఉన్నా, పక్కన మనిషి ఉండాలి. బాత్రూమ్‌కి "నేనే వెళ్తాలే" అనే పెద్దాయనలే మాకు మళ్లీ మళ్లీ కనపడుతుంటారు.

పిక్క లోపలివైపు చిన్న తిమ్మిరి, చురుకు కొన్ని రోజులు, ఒక్కోసారి కొన్ని వారాలు ఉండొచ్చు. చాలావరకు దానంతట అదే పోతుంది. బ్లాక్‌ల వల్ల శాశ్వతంగా మిగిలే నాడి నష్టం పదివేలకు 2 నుంచి 4 అని మా రంగంలో లెక్క చెప్తారు. అదీ కాక, మోకాలి ఆపరేషన్లో కాలికి కట్టే బిగుతు పట్టీ, గాటు వేసిన చోటు, వాపు వీటివల్ల కూడా తిమ్మిరి వస్తుంది, గొట్టమే కారణమని వెంటనే అనుకోనక్కర్లేదు. మోకాలి గాటుకు బయటివైపు చర్మం మొద్దుబారితే అది ఎక్కువగా గాటు వల్లే. తిమ్మిరి తగ్గకుండా ఉంటే నాడి పరీక్ష చేయిస్తారు, కానీ మొదటి వారంలో చేయించి లాభం లేదు. దెబ్బతిన్న నాడిలో మార్పులు పరీక్షకు స్పష్టంగా అందడానికి దాదాపు మూడు వారాలు పడుతుంది. తిమ్మిరి తగ్గే బదులు పెరుగుతుంటే, పాదం పైకి ఎత్తలేకపోతే, పిక్క రాయిలా గట్టిపడి మందులకు లొంగని నొప్పి వస్తుంటే మాత్రం మూడు వారాలు కాదు, మూడు గంటలు కూడా ఆగొద్దు.

గొట్టంతో ఇంటికి వెళ్లి, ఇంట్లోనే తీసుకోమని చెప్పించుకున్నవాళ్లు కూడా ఇది చదువుతుంటారు, వాళ్లకి రెండు ముక్కలు. పంపు ఖాళీ అయ్యాక, స్పర్శ వచ్చాక, చేతులు కడుక్కుని, కూర్చునో పడుకునో, ప్లాస్టర్‌ని అంచుల నుంచి లేపండి. గొట్టం నొప్పి లేకుండా, అడ్డం లేకుండా రావాలి. ఆగితే, షాక్ కొడితే, మీ పని అక్కడితో అయిపోయింది. మీద శుభ్రమైన గుడ్డ వేసి ఫోన్ చేయండి. మందు ఇంకా ఎక్కుతున్నప్పుడు చెవుల్లో గింగురుమనడం, నోటి చుట్టూ మొద్దుబారడం, నాలుక మీద ఇనుము రుచి, తల తిరగడం లాంటివి ఉంటే పంపు క్లిప్పు మూసేసి వెంటనే అంబులెన్స్‌కి ఫోన్ చేయండి, అది మందు రక్తంలోకి ఎక్కువైన గుర్తు.

మీ విషయానికి వస్తే, ఈ రాత్రి ఎవరూ దాన్ని ముట్టుకోకుండా చూడండి, నాన్నగారిని నిద్రపోనివ్వండి. రేపు డాక్టర్ వచ్చినప్పుడు పెట్టిన రోజు చర్మం దగ్గర ఏ గుర్తు ఉందో, ఇప్పుడు ఏది ఉందో, సలైన్ వెళ్తోందా లేదా అడగండి. బయటికి వచ్చాక కొసను మీ కళ్లతో చూడండి, కావాలంటే ఫొటో తీసుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు. కొస మీద గుర్తు కనిపించిందో లేదో ఇక్కడ రాయండి, నేను పొద్దున డ్యూటీకి వెళ్లేముందు చూస్తాను.